పాత కార్డు, కొత్త కార్డు, అవ్వ పెరుగు గిన్నె

ముందు శుభవార్త చెప్పేస్తాను. దాన్ని కడుపులో దాచుకుని ఈ అధ్యాయమంతా రాయడం నావల్ల కాదు. నాకు ఉద్యోగం వచ్చింది! నిన్న మధ్యాహ్నం ఫోన్ చేసి చెప్పారు. కంప్యూటర్ తెర మీద బొమ్మలు కదలాలంటే లోపల గ్రాఫిక్స్ కార్డు ఒకటి ఉండాలి కదా, అలాంటి కార్డులను, పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి, రెండింటికీ ఒకే పని అప్పగించి, ఏది ఎంత త్వరగా, ఎంత నిలకడగా చేస్తుందో కొలిచే పని. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషిని నేను. యూనిఫాం లేకుండా కంపెనీ పనికి పోబోయే మొదటి మనిషిని కూడా నేనే. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పరిగెత్తితే, చపాతీలు చేస్తున్న అమ్మ ఆ పిండి చేతులతోనే నా మొహం పట్టుకుంది. ఆ తర్వాత మా ఊరు చిట్కుల్ వీధులన్నీ తిరిగి మిఠాయి పంచి వచ్చాను. ఇంటికి వచ్చి అద్దం చూసుకుంటే రెండు చెంపల మీదా అమ్మ వేళ్లు తెల్లగా అలాగే ఉన్నాయి. ఒక్కరు కూడా చెప్పలేదు.

సర్టిఫికెట్లు తెచ్చుకోమన్నారు. వాటి కోసం మంచం కింద ఉన్న ట్రంకు పెట్టె బయటికి లాగాను. బట్టల అడుగున గుండ్రటి రేకు డబ్బా ఒకటి చేతికి తగిలింది. అది మా అవ్వ, అంటే నాయిన వాళ్లమ్మ, క్రిస్మస్‌కు కేకు చేసే డబ్బా. అడుగున మేకుతో గీకిన ఆమె పేరు ఇంకా కనిపిస్తోంది. మూత తీస్తే లోపల కేకు లేదు. అవ్వ పాత తెల్లచీర ముక్కలో చుట్టిన గ్రాఫిక్స్ కార్డు ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వేడెక్కిన దుమ్ము వాసన, దాని వెనకాల సన్నగా వెనిలా వాసన. ఈ రెండు వాసనలూ కలిసిన కార్డు ప్రపంచంలో ఇంకొకటి ఉండదని నా నమ్మకం. నిన్న వచ్చిన ఫోను కూడా ఆ డబ్బాలోంచే మోగిందని చెబితే ఎవరూ నమ్మరు. అందుకే రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మేము రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాయిన మందుల కంపెనీలో షిఫ్టు పని చేసేవాడు, ఇప్పటికీ చేస్తున్నాడు. ఆయన గడప దాటకముందే మందుల వాసన ఇంట్లోకి వచ్చేది. యూనిఫాం బయట తీగ మీద వేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే మా తల మీద చేయి వేసేవాడు. ముందు గదిలో సగం ఆయన తమ్ముడు పాల్ చిన్నాయినది. చిన్నాయిన పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాడు. పెళ్లికూతురు తామర పువ్వులోంచి పైకి లేవడం, పెళ్లికొడుకు మబ్బుల మీద నడిచి రావడం, ఇద్దరూ కలిసి ఎప్పుడూ చూడని మంచు కొండల మీద ఎగరడం, అంతా మా ముందు గదిలోనే జరిగేది. ఇస్నాపూర్ నుంచీ ఇంద్రేశం నుంచీ పెళ్లివాళ్లు వచ్చి మా నులక మంచం మీద కూర్చుని, "తమ్మీ, మా ఆడిబిడ్డ మొకం జెర తక్కువ జూపెట్టు, నాది జెర తెల్లగ జెయ్యి" అని చెప్పి పోయేవాళ్లు. చిన్నాయిన అందరికీ సరేననేవాడు. వాళ్ల ఆడబిడ్డ వచ్చి ఇదే మాట చెబితే ఆమెకూ సరేననేవాడు.

ముక్కలన్నీ కలిపి వీడియోగా వండే ఆఖరి పనిని రెండరింగ్ అంటారు. అది మొదలైతే ఇల్లంతా దాని చెప్పుచేతల్లోకి పోయేది. కరెంటు పోయి మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచి చేయాలి కాబట్టి, ఆ సాయంత్రం అమ్మ మిక్సీ వేయకూడదు, ఇస్త్రీ పెట్టె ముట్టుకోకూడదు. చట్నీ రోట్లోనే నూరేది. మాకున్న ఒక్క టేబుల్ ఫ్యానూ ఎండాకాలంలో మనుషులకు కాదు, ఆ కంప్యూటర్ పెట్టెకే తిప్పి పెట్టేవాళ్లం. దాని గాలి పక్కలనుంచి కొంచెమైనా తగులుతుందని మేమంతా కంప్యూటర్ చుట్టూ చాపలు వేసుకుని తినేవాళ్లం. తిన్నాక కుటుంబ ప్రార్థన. అందులో అవ్వ నాయిన షిఫ్టునీ, నా పరీక్షలనీ తలుచుకున్నాక, కళ్లు తెరవకుండానే పెట్టె వైపు చేయి చాపి, "దాన్ని గూడ చల్లగ చూడు ప్రభువా, ముసలిదైంది" అనేది. లోపలి కార్డు ఫ్యాను కుయ్యిమని జవాబిచ్చేది. వేడి దుమ్ము వాసన, రోటి చట్నీ వాసన, తీగ మీది యూనిఫాం నుంచి వచ్చే మందుల వాసన, మూడూ కలిస్తే నాకు ఇల్లు.

నేను ఇంజనీరింగ్‌లో చేరిన కొన్నాళ్లకు చిన్నాయిన ఇస్నాపూర్ చౌరస్తాలో దుకాణం పెట్టుకుని కొత్త కంప్యూటర్ కొన్నాడు. పాత పెట్టె ఇంట్లో నాకు మిగిలింది. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు ఏం చేయాలా అని ఆలోచిస్తుంటే, మా ప్రాజెక్టు చూసే సారు, "మీ ఇంట్ల ఏమున్నదో దాంతోనే చెయ్యమ్మా" అన్నారు. మా ఇంట్లో ఉన్నది పాత కార్డు. చిన్నాయిన దగ్గర ఉన్నది కొత్త కార్డు. రెండింటి పనితీరును పోల్చడమే నా ప్రాజెక్టయింది. పోటీ న్యాయంగా జరగాలంటే కంప్యూటర్ ఒకటే ఉండాలి, పని ఒకటే ఉండాలి, కార్డు ఒక్కటే మారాలి. అందుకని మా ఇంటి పెట్టెలోనే మార్చి మార్చి పెట్టాను. ఆదివారం దుకాణం మూసి ఉంటుంది కాబట్టి, చర్చిలో ఆరాధన అయ్యాక చిన్నాయిన కొత్త కార్డును తువ్వాలలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చేవాడు. మోచేయంత పొడవు, రెండు ఫ్యాన్లు, నడుస్తుందో లేదో చెవి ఆనించి వింటే కానీ తెలియదు. పాతది అరచేయంత. దానికున్న ఒక్క ఫ్యానూ వీధి చివరికి వినిపించేది. రెండింటికీ ఒకే పెళ్లి ఇచ్చాను. అదే తామర పువ్వు, అదే పెళ్లికూతురు.

ఇల్లు రెండు పక్షాలుగా చీలింది. చిన్నాయినా అమ్మా కొత్తదాని వైపు. అవ్వ పాతదాని వైపు. "నిన్న మొన్న పుట్టినదాంతోని దీనికి పోటీ ఏంది? దాని ఈడుకు అది మంచిగనే జేస్తుంది" అని ఆమె వాదన. కొత్తది పొయ్యి మీద చాయ్ మరిగేలోపు తామర పువ్వును విప్పి చేతిలో పెట్టేది. పాతదానికి ఆరాధన మొత్తం పట్టేంత సమయం కావాల్సి వచ్చేది. ఇంత తేడా ఉంటుందని నాకు ముందే తెలుసు, అందులో వింత లేదు. నన్ను పరేషాన్ చేసింది వేరే సంగతి. కొత్తది ఎప్పుడు చేసినా ఒకే సమయం తీసుకునేది. పాతది మాత్రం ఒక సాయంత్రం మా పాస్టరు గారి మామూలు ఆరాధనంత, ఇంకో సాయంత్రం పై ఊరినుంచి అతిథి ప్రసంగీకుడు వచ్చిన రోజు ఆరాధనంత. పెళ్లి అదే, పెట్టె అదే, కూర్చున్నది నేనే. ఎన్నిసార్లు చేసినా అంతే.

సారు నా అంకెలు చూసి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఎస్తేరూ, ఒకే పనికి ఒక్కో రోజు ఒక్కో టైమొస్తే దాన్ని కొలత అనరమ్మా. ఎందుకట్ల వస్తుందో అన్నా చెప్పు, లేకుంటే వరుసగా ఒకే టైమన్నా పట్టుకరా. పండుగ సెలవులు కాంగనే వైవా. గిట్లనే తెస్తే నేను సంతకం పెట్టలేను." సంతకం లేకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే ఆ ఏడాది పట్టా లేదు. ఆ సాయంత్రం నాయిన చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "బిడ్డా, పట్టా రాకుంటే ఫికర్ జెయ్యకు. మా ప్యాకింగ్ సెక్షన్‌ల ఆడపిల్లలను తీసుకుంటున్నరు. సూపర్‌వైజర్ చెవిల ఒక మాటేసి పెట్టిన" అన్నాడు. నాకు ధైర్యం చెప్పాలనే చెప్పాడు. ఆయన చేతులకు ఎంత సబ్బు పెట్టినా పోని వాసన వైపు చూస్తూ నేను సరేనన్నాను. తర్వాత బయట నల్లా దగ్గరికి పోయి, బకెట్ నిండి పొర్లిపోయేదాకా ఏడ్చాను.

క్రిస్మస్ దగ్గరికి వచ్చింది, చలి ముదిరింది. ఒక సాయంత్రం పాత కార్డు పని మధ్యలో ఉండగా తెర మీద అడ్డంగా పచ్చ గీతలు పడ్డాయి. పెళ్లికూతురు ముక్కలు ముక్కలైంది. తెర నల్లబడింది. వీధి చివరిదాకా వినిపించే కుయ్యి ఆగిపోయింది. నా ఫోను అందగానే చిన్నాయిన దుకాణం వదిలి వచ్చాడు. ఎప్పుడూ గోడకు ఆనించి ఉండే ఆ బల్లను రెండు చేతులతో పట్టి ముందుకు లాగాడు. వెనక ఏదో గిన్నె దొర్లింది. తెల్లగా, గడ్డలు గడ్డలుగా నేల మీద పారింది.

"ఏందే అమ్మా ఇది?" అన్నాడు చిన్నాయిన.

"పెరుగు" అంది అవ్వ.

"పెరుగని నాకు గూడ కనవడ్తుంది. ఈడెందుకున్నది?"

"చలికాలం పాలు తోడుకుంటలేవురా. ఈ పెట్టె ఎనక ఎచ్చటి గాలొస్తది. మూత పెట్టి ఆనిచ్చి పెడ్తె తెల్లారేసరికి కత్తితోని కోసేటట్టు గడ్డకడ్తది. మొన్న ఆదివారం నువ్వే గద రెండుసార్లు ఏసుకుంటివి, మస్తున్నది అనుకుంట."

చిన్నాయిన వంగి పెట్టె వెనక్కి చూశాడు. పెట్టెలోని వేడిగాలి బయటికి పోయే దారికి సరిగ్గా అడ్డంగా, దాని కొలతకే చేసినట్టు, ఆ గిన్నె. బయటికి పోలేని వేడి వెనక్కి తిరిగి కార్డునే కాల్చేది. కాలిన కార్డు తనను కాపాడుకోవడానికి నెమ్మదిగా పని చేసేది.

"రోజు పెడ్తవా అవ్వా?" అని అడిగాను. 

"రోజెక్కడియే పాలు? మిగిలిన నాడు పెడ్త. లేని నాడు లేదు."

పాలు మిగలని రోజున త్వరగా, మిగిలిన రోజున ఆలస్యంగా. నా అంకెల్లో ఒక్కటి కూడా తప్పు కాదు. నాకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే నల్లబడిన తెర చూశాను. కారణం దొరికింది సరే, ఇప్పుడు మళ్లీ కొలిచి చూపించడానికి కార్డే లేదు. అమ్మ, "పెట్టేటామె ఒక్క మాట చెప్పొద్దా?" అని లేచింది కానీ అవ్వ మొహం చూసి ఊరుకుంది. అవ్వ తడిగుడ్డ తెచ్చుకుని పెరుగు తుడిచింది. చాలాసేపు, నేల శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉంది.

కార్డు లోపల టంకం చీలిపోయి ఉంటుందని చిన్నాయిన అన్నాడు. అలాంటి కార్డును ఓవెన్‌లో కాసేపు కాలిస్తే టంకం మళ్లీ అతుక్కుంటుందని, ఎక్కువ కాలం బతకదు కానీ లేచి కూర్చుంటుందని, ఎవరో చేసిన వీడియోలో చూశాడట. "మనింట్ల ఓవెన్ యాడున్నది?" అంది అమ్మ. అవ్వ లేచి, అటక మీది కేకు డబ్బా తెమ్మంది.

మా చర్చి ఇళ్లలో ఎవరికీ ఓవెన్ ఉండదు. క్రిస్మస్ వారంలో ఇంటింటా కేకు పిండి కలుపుకుని, పేరు గీకిన డబ్బాల్లో పోసుకుని, చౌరస్తాలోని సలీం భాయ్ బేకరీకి తీసుకుపోతాం. ఆయన కాల్చి ఇస్తాడు. అవ్వ ఎన్నో ఏళ్లుగా ఆ డబ్బా పట్టుకుని అక్కడ వరుసలో నిలబడిన మనిషి. ఆ రోజు చిన్నాయిన కార్డుకున్న ఫ్యానూ ప్లాస్టిక్ ముక్కలూ విప్పి, మిగిలిన బోర్డును డబ్బాలో పడుకోబెట్టాడు. డబ్బా అవ్వే మోసింది, ఎవరికీ ఇవ్వలేదు.

సలీం భాయ్ మూత తీసి చూసి తల గోక్కున్నాడు. "క్యా అవ్వా, గుడ్లేవి? మైదా ఏది? ఇదేం కేకు?"

"నా మనుమరాలి సదువు. కాల్చియ్యి."

"నై నై. లోపల పండుగ కేకులున్నయ్. దీని వాసన పట్టిందంటే మీ చర్చోళ్లంత కలిసి నన్నే భట్టీల పెడ్తరు."

"అందరియి దించినంకనే పెట్టు. నేనేడికి పోత? ఈడనే కూసుంట" అని అవ్వ బెంచీ మీద కూర్చుంది. కేకులు తీసుకోవడానికి వచ్చిన వాళ్లంతా ఆమెను పలకరించేవాళ్లు, "నీది ఇంక కాలేదా అవ్వా?" అని. "నాది జెర గట్టి కేకు" అని ఆమె చెప్పేది. ఆఖరి డబ్బా దిగాక, తగ్గుతున్న వేడిలోకి మా డబ్బా వెళ్లింది. చిన్నాయిన గడియారం చూస్తూ నిలబడ్డాడు. సలీం భాయ్ తలుపు సందులోంచి తొంగి చూసి, "పొంగుతలేదు అవ్వా" అని ఒకటే నవ్వు. బయటికి తీశాక అది పూర్తిగా చల్లారేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకుండా కాపలా కాసింది కూడా ఆయనే.

ఇంటికి తెచ్చి, ఫ్యాను బిగించి, స్విచ్ వేశాం. తెర వెలిగింది. కుడివైపు అంచున ఒక సన్నటి పచ్చ గీత మిగిలింది, అంతే. కుయ్యిమని వినపడగానే అవ్వ "స్తోత్రం" అంది, ఆదివారం చర్చిలో అనేదానికన్నా గట్టిగా. ఆ వారమంతా మా ఇంట్లో పెరుగు తోడు పెట్టలేదు. నాయిన నీళ్ల మజ్జిగతోనే తిన్నాడు. కార్డు ప్రతి సాయంత్రం ఒకే సమయానికి పని ముగించింది. తర్వాత ఖాళీ గిన్నె ఒకటి వెనక పెట్టి కొలిచాను, మళ్లీ అదే అతిథి ప్రసంగం. కొత్తదాని వెనకా పెట్టి చూశాను. రెండు ఫ్యాన్లతో గాలిని అటూ ఇటూ తోసేసి అది పెద్దగా పట్టించుకోలేదు. నివేదికలో నేను మర్యాదగా "గాలి దారికి అడ్డంకి" అని రాస్తే సారు పెన్నుతో సున్నా చుట్టి, "ఏం అడ్డంకి?" అని అడిగారు. చెప్పాను. చాలాసేపు నవ్వి, "మరి అదే రాయి. కొలిచినోళ్లు ఉన్నదున్నట్టు రాయాలె" అని సంతకం పెట్టారు. వైవాకు వచ్చిన బయటి కాలేజీ మేడమ్ ఆ పేజీ దగ్గర ఆగిపోయి, మిగతా ప్రశ్నలన్నీ పెరుగు గురించే అడిగారు. పని అయిపోయిన కార్డును అవ్వ తన చీర ముక్కలో చుట్టి కేకు డబ్బాలో దాచేసింది. పట్టా వచ్చింది. నాయిన దాన్ని చూడ్డానికి ఆ రోజు చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.

మొన్నటి ఇంటర్వ్యూలో కూడా, మీ కొలత ఎప్పుడైనా తప్పిందా, కారణం ఎలా పట్టుకున్నారు అని అడిగారు. నేర్చుకుపోయిన ఇంగ్లీషు జవాబులన్నీ మరిచిపోయి, గిన్నె కథ మొత్తం తెలుగులో చెప్పేశాను. ఎదురుగా ఉన్న ఆయన నవ్వలేదు. ముందుకు వంగి, "గిన్నె తీసేశాక ఎన్నిసార్లు కొలిచారు?" అన్నాడు. ఇంకెవరూ అడగని ఆ ప్రశ్న విన్నప్పుడే, నేను చేరాల్సిన చోటు ఇదేనని నాకు అనిపించింది.

పాతదే మంచిదని నేను అనను. అంటే చేరకముందే ఉద్యోగం ఊడుతుంది. రెండు కార్డులూ గీసింది ఒకే పెళ్లికూతుర్ని, ఒకే తామర పువ్వుని. పక్కపక్కన పెడితే ఏది ఎవరు గీశారో నేను కూడా చెప్పలేను. పాతదాని కోసం ఒక ఇల్లంతా మిక్సీ ఆపుకోవాల్సి వచ్చింది, ఫ్యాను త్యాగం చేయాల్సి వచ్చింది, చుట్టూ చాపలు వేసుకుని కూర్చోవాల్సి వచ్చింది. కొత్తది ఎవరినీ ఏమీ అడగదు. నన్ను చదివించడానికి మా ఇల్లు అడక్కుండానే ఎన్ని ఆపుకుందో నాకు ఆ పాతదాని దగ్గరే తెలిసింది. అందుకని రెండింటికీ రుణపడే ఉన్నాను, పాతదానికి కొంచెం ఎక్కువ.

నిన్న రాత్రి భోజనాల దగ్గర అవ్వకు మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఆమెకిప్పుడు చెవులు మందగించాయి, అన్నీ రెండుసార్లు చెప్పాలి.

"అంటే రోజు పోయి, కొత్తదెంత జల్దీ చేసే, పాతదెంత జల్దీ చేసే అని చూసుడేనా? దానికి జీతమిస్తరా?"

"ఇస్తరవ్వా."

ఆమె నా వైపు జరిగింది. "ఇప్పుడొచ్చేటియి శానా పెద్దగుంటయంటివి గద. మరి వాటెనక పెరుగు తోడుకుంటదా?"

ఇన్ని పరీక్షలు రాశాను, ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. "తోడుకోదవ్వా. వేడి ఎక్కువనే ఉంటది గని, పాలకు తెలిసేలోపే దాని పని అయిపోతది."

"ఇగేం లాభమే!" అంది అవ్వ.

ఈ సాయంత్రం ఆ రేకు డబ్బాలోని కార్డును మళ్లీ పాత పెట్టెలో బిగించాను. ఇన్నాళ్లు చీర ముక్కలో పడుకున్నది లేస్తుందో లేదోనని అమ్మా నాయినా కూడా వచ్చి నిలబడ్డారు. తెర వెలిగింది. కుడివైపు అంచున అదే పచ్చ గీత. అదే పెళ్లి ఇచ్చాను, ఒకటి అయిపోతే మళ్లీ మొదలయ్యేట్టు. కుయ్యిమనే చప్పుడు చెవులకు సరిగ్గా వినపడిందో, నేల వణుకు పాదాలకు తెలిసిందో, అవ్వ వంటింట్లోంచి గిన్నె పట్టుకుని వచ్చింది. వచ్చి, ఎన్నడూ లేనిది, ఆగి అడిగింది.

"యాడ పెట్టాలె?"

గాలి దారికి అడ్డం రాకుండా, వెచ్చదనం మాత్రం తగిలేలా, పక్కన కొంచెం ఎడంగా చూపించాను. రేపు నా మొదటి రోజు. అమ్మ టిఫిన్ డబ్బా కడిగి బోర్లించింది. పొద్దున దాంట్లోకి పెరుగన్నం.